నీళ్లు వచ్చేదాకా

మిషన్ పిలిచింది. రెండు పొట్టి కూతలు, కాస్త ఆగి ఒక పొడుగు కూత. పొయ్యి మీద పప్పు పొంగడానికి సిద్ధంగా ఉంది, చేతినిండా శనగపిండి. అయినా సరళాదేవి మంట తగ్గించి, చెయ్యి కడుక్కుని వెనక వాకిట్లోకి నడిచింది. హౌజు మీది రేకుమూత జరిపి, బకెట్ ముంచి, రెండు చేతులా ఎత్తి తెచ్చి వరండాలో ఉన్న బట్టల మిషన్‌లో కుమ్మరించింది. మళ్లీ ముంచింది, మళ్లీ కుమ్మరించింది. లోపల నీళ్లు చాలినన్ని కాగానే మిషన్ కూత ఆపి, గొంతు సవరించుకున్నట్టు ఓ చప్పుడు చేసి తిరగడం మొదలుపెట్టింది. దాని నుదుటి మీద ఇంగ్లిష్‌లో ఫుల్లీ ఆటోమేటిక్ అని వెండిరంగు అక్షరాలు మెరుస్తున్నాయి. సరళ వాటిని చూడడం ఎప్పుడో మానేసింది.

మంచిర్యాలలో ఆ వీధికి నల్లా రోజు విడిచి రోజు పొద్దున కాసేపు వచ్చి పోతుంది. వచ్చిన నీళ్లన్నీ వెనకాల సిమెంటు హౌజులో పడతాయి. అక్కణ్ణించి మిషన్ దాకా నీళ్లు తమంతట తాము నడిచి రావు. మిషన్‌కు సబ్బుకోసారి, జాడించడానికి రెండుసార్లు, మొత్తం మూడుసార్లు కడుపు నింపాలి. ఇంటి మీద ఒక ట్యాంకు కట్టించి గొట్టం వేస్తే ఈ మోత తప్పుతుంది. ఆమె భర్త దయాకర్‌రావు కాంట్రాక్టరు. ఏం కాంట్రాక్టరంటే, ఊళ్లల్లో మంచినీళ్ల ట్యాంకులు కట్టే కాంట్రాక్టరు. లక్షెట్టిపేట నుంచి ఆసిఫాబాద్ దాకా ఆయన కట్టిన ట్యాంకులు ఆకాశాన్ని మోస్తూ నిలబడ్డాయి. సొంత ఇంటి మీద మాత్రం ట్యాంకు లేదు. వాస్తు ప్రకారం నైరుతి మూల పెట్టాలట, నైరుతిలో తాతలనాటి పాత మిద్దె, అది బరువు మొయ్యదట. వచ్చే ఎండాకాలం చూద్దామని మూడు ఎండాకాలాల నుంచి అంటూనే ఉన్నాడు. బరువు మిద్దె మొయ్యదు కాబట్టి సరళ మోస్తోంది.

మిషన్ వచ్చిన కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా దయాకర్‌రావు వరండాలోకి తీసుకుపోయి చూపించేవాడు. "మా ఇంట్ల బట్టలుతికే పనే లేదు. బటన్ ఒత్తితే అయిపోతది" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు సరళ చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని వెనకాలే నిలబడి ఉండేది. వచ్చినవాళ్లు ఆమె వైపు తిరిగి, నీకేందమ్మా అదృష్టవంతురాలివి అనేవాళ్లు. అత్తగారు జానకీబాయి అక్కడే మంచం మీద కూర్చుని, తమ కాలంలో గోదావరి దాకా మూటలు మోసుకుపోయి రాళ్ల మీద ఉతుక్కొచ్చేవాళ్లమని, ఇప్పటి కోడళ్లను మిషన్లు కూర్చోబెట్టి పోషిస్తున్నాయని చెప్పేది. అలా చెప్పే ఆవిడే తన చీరలు మిషన్‌లో వెయ్యనివ్వదు. మగవాళ్ల బట్టలతో కలుస్తాయని అభ్యంతరం. ఆ చీరలు సరళ విడిగా, చేత్తో, రాయి మీద ఉతుకుతుంది. ఇంట్లో బట్టలుతికే పనే లేదు కదా.

అయితే సరళను బాధపెట్టింది మోత కాదు. బెల్లంపల్లి బొగ్గుగనుల కాలరీ క్వార్టర్‌లో పుట్టి పెరిగిన పిల్లకు బకెట్ కొత్త కాదు. ఆమెకు నొప్పి ఇంకోచోట ఉంది, అది ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఒకసారి చెప్పింది కూడా, నవ్వారు కూడా.

మిషన్ దిగిన రోజు, మొదటిసారి బటన్ ఒత్తిన రోజు, లోపల నీళ్లు లేక అది పిలిచింది. రెండు పొట్టి, ఒక పొడుగు. వంటింట్లో ఉన్న సరళ చేతిలోని గరిటె అట్లాగే నిలిచిపోయింది. అది బాపు సైకిల్ బెల్లు. బాపు, అంటే సరళ తండ్రి లక్ష్మణ్‌రావు, గని ఆఫీసులో గుమస్తా. షిఫ్టు దిగి వీధి మలుపు తిరిగేటప్పుడు రెండుసార్లు టింగుమనిపించి, ఆగి, మూడోది సాగదీసేవాడు. ఆ పిలుపును తీసుకుపోయి ఒక చిప్పులో పెట్టింది సరళే. కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాక, పెళ్లికి ముందు రెండేళ్లు హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసింది. పెద్ద కంపెనీలు అమ్మే బట్టల మిషన్లకు లోపలి ఆకుపచ్చ కార్డులు అక్కడ తయారయ్యేవి. కార్డు మీద వేలిగోరంత చిప్పు. ఎప్పుడు నీళ్ల గేటు తెరవాలి, ఎటు తిరగాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు పిలవాలి, అన్నీ చిప్పుకు అర్థమయ్యే అసెంబ్లీ భాషలో ఒక్కో మాటా రాసి ఆ చిప్పులోకి ఎక్కించింది ఆమె. ఏడాది పట్టింది. ఇప్పుడు ఆ మిషన్ తిరిగి తిరిగి ఆమె ఇంటికే వచ్చింది.

ఆ సంబరం ఆపుకోలేక ఆ సాయంత్రమే భర్తకు చెప్పింది, దీని లోపలి ప్రోగ్రాం రాసింది నేనే అని. ఆయన పేపరు మీంచి తల ఎత్తాడు.

"నువ్వు రాసుడేంది? మిషన్లను కంపెనోళ్లు చేస్తరు" అన్నాడు.

ఆ కంపెనీవాళ్లలో తనూ ఉందని చెప్పబోయింది. అప్పటికే ఆయన తల్లిని కేకేసి, నీ కోడలు మిషన్ కనిపెట్టిందటనే అని చెప్పి నవ్వుతున్నాడు. ఆ నవ్వులో విషమేమీ లేదు, అదే కష్టం. కోపం వస్తే జవాబు చెప్పొచ్చు, ముచ్చటపడి నవ్వేవాడికి ఏం చెప్తాం? తర్వాత అది ఇంట్లో స్థిరపడిన పరాచికం అయిపోయింది. మిషన్ పిలిస్తే చాలు, పోవే, నీ బిడ్డ పిలుస్తున్నది అని అత్తగారు. చుట్టాలొస్తే, మా సరళ మిషన్లతోని మాట్లాడతది అని ఆయన.

మాట్లాడుతుంది, నిజమే. ఆమెకు ఇంకెవరున్నారు మాట్లాడడానికి? పరాయి దేశంలో పడ్డవాళ్లకు తమ భాష వాళ్లు ఒక్కరు కనిపిస్తే ప్రాణం లేచొస్తుందంటారు. సరళ పరాయి దేశం పోలేదు, బెల్లంపల్లి నుంచి మంచిర్యాలకు, రైల్లో కూర్చున్నామా దిగామా అన్నంత దూరం వచ్చింది, అంతే. కానీ ఆమెకు వచ్చిన ఆ భాష ఈ ఇంట్లో ఎవరికీ రాదు. మరిది వరస పిల్లలు కరీంనగర్‌లో కంప్యూటర్ సెంటర్లకు పోయి బేసిక్ అని, కోబాల్ అని నేర్చుకుని తెర మీద తమ పేర్లు పడేలా చేసి మురిసిపోతుంటారు. ఆమెది తెర లేని వస్తువుల భాష. అందులో పొడుగు వాక్యాలు ఉండవు. ఇది తెచ్చుకో, దానితో పోల్చు, సమానం కాకపోతే వెనక్కి దూకు. అంతే. చెప్పినది చెప్పినట్టే వింటుంది, చెప్పనిది ఊహించుకోదు, తప్పు చెప్తే తప్పే చేస్తుంది. ఆ నిజాయితీ ఆమెకు ఎంత ఇష్టమో. పెళ్లయ్యాక మనుషుల మధ్య పడింది. ఇక్కడ చెప్పకుండానే అర్థం చేసుకోవాలి, చెప్పినా అర్థం కానట్టుండాలి. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు వరండాలో మిషన్ పక్క స్టూలు మీద కూర్చుని, అది కుడివైపు తిరిగి ఆగి ఎడమవైపు తిరుగుతుంటే, ఇప్పుడు నా ఫలానా వరస నడుస్తోంది, ఇప్పుడు లెక్క తగ్గుతోంది, ఇప్పుడు వెనక్కి దూకుతుంది అని లోపల్లోపల చదువుకునేది. తన రాత తను చదువుకోవడానికి ఇంట్లో ఆమెకు దొరికిన చోటు అదొక్కటే. చదువుతూ ఒక్కోసారి ఏడ్చేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు కాబట్టి.

కొమురవ్వ సంగతి ఇంకో ముల్లు. మిషన్ రాకముందు బట్టలు ఉతికేది కొమురవ్వ. పొద్దున్నే వచ్చి, హౌజులోంచి నీళ్లు తనే తోడుకుని, ఉతికి, ఆరేసి, గంజి పెట్టి, జీతం, పంటకు వడ్లు తీసుకుని పోయేది. మిషన్ వచ్చిన మర్నాడు దయాకర్‌రావు గుమ్మంలోనే, ఇగ నువ్వు రానక్కర లేదు అని ఒక్క మాటతో పంపించేశాడు. ఆ రోజు నుంచి నీళ్లు తోడే పని ఎవరూ అప్పగించకుండానే సరళకు వచ్చి పడింది. జీతం, వడ్లు మాత్రం రాలేదు. ఒకనాడు కూరగాయల అంగడిలో కొమురవ్వ ఎదురుపడింది. సరళ పలకరించింది, బాగున్నావా కొమురవ్వా అని.

"ఏం బాగు దొరసానీ. మీకు కొత్తది వచ్చింది, మాకు ఉన్నది పోయింది" అంది కొమురవ్వ.

తిట్టలేదు, గొంతు పెంచలేదు. వంకాయలు ఏరుకుంటూ అంది. సరళకు అక్కడే నిలబడి నిజం చెప్పాలనిపించింది, నీ పని తీసేసిన ఆ మిషన్‌ను నడిపించేది నా రాతే అని. చెప్తే ఏమవుతుంది? ఇంట్లోవాళ్లు నమ్మక నవ్వారు, కొమురవ్వ నమ్మి అసహ్యించుకుంటుంది. నమ్మేవాళ్లకు తను దోషి, నమ్మనివాళ్లకు తను వెర్రిది. సంచి నిండకుండానే ఇంటికొచ్చేసింది.

ఆ మార్గశిరంలో కరీంనగర్‌లో చుట్టాల పెళ్లి. భోజనాల దగ్గర ఎవరో వెనక నుంచి, నువ్వు మైక్రోప్రాసెసర్ లాబ్ తాళంచెవి దాచిపెట్టుకునే పిల్లవు కాదా అన్నారు. అంబదాస్ సార్. ఆదిలాబాద్ మనిషి, డిప్లొమాలో ఆమెకు పాఠం చెప్పినవాడు, జుట్టు పూర్తిగా నెరిసింది. సరళ విస్తరి ముందు నుంచి లేచి నిలబడిపోయింది. ఏం చేస్తున్నావని అడిగితే, ఇంట్లోనే సార్ అని ఊరుకోబోయి, ఊరుకోలేక మిషన్ సంగతి చెప్పేసింది. ఆయన నవ్వలేదు. ఏ చిప్పు, ఎంత చోటులో పట్టించావు, కరెంటు పోయి వస్తే ఏం చేస్తది అని అడగడం మొదలుపెట్టాడు. చెయ్యి ఎండిపోయింది, పాయసం చల్లారింది, ఇద్దరూ గోడవారగా నిలబడి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎన్నాళ్ల దాహమో సరళకు అప్పుడు తెలిసింది. తన నోట ఆ మాటలు ఇంకా పలుకుతున్నాయని ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

"నీళ్లు రాకపోతే ఎంతసేపు చూస్తది?" అన్నాడు చివరికి.

"వచ్చేదాకా సార్. పిలుస్తనే ఉంటది."

"గట్లెట్ల? కొంచెంసేపు చూసి బందయిపోవాలె గదా. బయటికి దారి ఎందుకు పెట్టలే?"

బాలానగర్‌లో యజమాని కూడా ఇదే అడిగినట్టు సరళకు గుర్తొచ్చింది. పిలిస్తే ఎవరో ఒకరు పోస్తరు గద సార్ అంది తను అప్పుడు, ఇరవై ఏళ్ల వయసు ధీమాతో. ఆ యజమాని నవ్వి ఊరుకున్నాడు.

అంబదాస్ సార్ ఇప్పుడు బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో ఉన్నాడట. కొత్త మైక్రోప్రాసెసర్ కిట్లు వచ్చి గుడ్డ కప్పి ఉన్నాయట, ప్రోగ్రాం చేత్తో రాసి నడిపించి చూపేవాళ్లు లేరట. ఎల్లుండి సోమవారం వచ్చి చేరు, ముందు తాత్కాలికమే అన్నాడు. అని, చెయ్యి కడుక్కోవడానికి పోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని సరళ ఆ ప్రశ్ననే పట్టుకుంది. బయటికి దారి ఎందుకు పెట్టలేదు? మరచిపోయిందా? కాదు. నీళ్లు రాకపోవడమనేది తన ఊహకే తట్టలేదు. బెల్లంపల్లి క్వార్టర్‌లో నల్లా ఎండిపోయిన రోజుల్లో కూడా గంగాళం నిండే ఉండేది. ఎట్లా నిండేది? ఇప్పుడు కనిపించింది. కాలనీ చివరి బోరింగు దగ్గర వరసలో నిలబడి, నడుం మీద ఒకటి, చేతిలో ఒకటి, అమ్మ. అన్నం తింటూ తను నీళ్లు అని కేకేస్తే చెంబు వచ్చేది, చెంబు పట్టుకున్న చెయ్యిని తను ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే ఆ ప్రోగ్రాం అట్లా రాసేది కాదు. పిలిస్తే ఎవరో ఒకరు పోస్తారు అని రాసిన చోట, ఆ ఎవరో ఒకరు అమ్మ. అమ్మ పోయి ఐదేళ్లయింది. ఇప్పుడు ఆ చోట తను నిలబడింది. ఆడపిల్లయి ఉండీ తను కూడా, ఇంట్లో మగవాళ్లు చూడనట్టే, ఆ మనిషిని చూడలేదు. పొలాలు, తాటిచెట్లు వెనక్కి పోతున్నాయి. పక్క సీట్లో దయాకర్‌రావు నిద్రపోతున్నాడు. సరళకు అమ్మ మీద దుఃఖం ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కొత్తగా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. అడిగిందనడం కంటే చెప్పింది, బెల్లంపల్లిలో పని ఉంది, రేపటి నుంచి పోతాను, సాయంత్రం బండికి వచ్చేస్తాను అని. జానకీబాయి కలుపుతున్న ముద్ద ఆపేసి, ఇంటి పని ఎవరు చేస్తారంది. దయాకర్‌రావు తల్లిని వారించాడు.

"పనేమున్నదే అమ్మా. వంటకు గ్యాసున్నది, రుబ్బనీకి మిక్సీ ఉన్నది, ఉతకనీకి మిషన్ ఉన్నది" అన్నాడు. సరళ వైపు తిరిగి, ఆ మాటే ఇంకాస్త మెత్తగా చెప్పాడు. "ఏం పని లేకుంట సుఖంగ ఉన్నవు గదా. ఊకె పరేషానెందుకు? మనింటి ఆడోళ్లు సంచి పట్టుకొని రైలెక్కితే నలుగురు ఏమనుకుంటరు?"

పని లేదు కాబట్టి పోనక్కర లేదు. పోతే పని ఆగిపోతుంది కాబట్టి పోకూడదు. ఏ వైపు నుంచి వచ్చినా ఒకే చోటికి దూకే ప్రోగ్రాం ఇది. బాగా రాశారు, తప్పు పట్టడానికి సందు లేదు. సరళ ఇంకేమీ మాట్లాడలేదు. ఆయనకు ఇంకాస్త పెరుగు వేసింది. మాట్లాడకపోవడాన్ని వాళ్లు ఒప్పుకోవడం అనుకున్నారు, ఆ ఇంట్లో అదే అలవాటు.

సోమవారం నల్లా వచ్చే రోజు కాదు. సరళ పెందలాడే లేచి వంట చేసి గిన్నెల మీద మూతలు పెట్టింది. అత్తగారికి మందు బిళ్ల, నీళ్ల చెంబు మంచం పక్కన పెట్టింది. భర్త తెల్ల చొక్కాలు మిషన్‌లో వేసి, సబ్బు వేసి, మొదటి విడత నీళ్లు పోసింది. మిషన్ తిరగడం మొదలయ్యాక స్నానం చేసి, తల దువ్వుకుని, గళ్ల చీర కట్టుకుంది. సంచిలో డబ్బా పెట్టుకుంది. బకెట్‌ను హౌజు గట్టు మీద, ఎవరికైనా కనిపించేటట్టు పెట్టింది. భయంగానే ఉంది.

వీధి గడపలో చెప్పులు వేసుకుంటుండగా మిషన్ పిలిచింది. రెండు పొట్టి, ఒక పొడుగు. ఆమె కాలు అలవాటుగా వెనక్కి తిరగబోయింది. మూడేళ్ల అలవాటు, అంతకుముందు అమ్మ అలవాటు. చెప్పు పట్టీలో వేలు దూర్చి నిలబడింది.

"సరళా, మిషన్ పిలుస్తున్నది" దయాకర్‌రావు చాయ్ గ్లాసుతో వరండాలోంచి అన్నాడు.

"నీళ్లడుగుతున్నది. బకెట్ హౌజు మీదున్నది."

ఆయన ముందుకొచ్చి చూశాడు. చీర, సంచి, చెప్పులు.

"నిన్న చెప్తిని గదా" అన్నాడు.

"చెప్పిండ్రు. ఇంట్ల పని లేదన్నరు."

లోపల మిషన్ మళ్లీ పిలిచింది. జానకీబాయి మంచం మీంచి, దాని నోరు మూయించుర్రి అంటోంది. దయాకర్‌రావు అటు చూశాడు, ఇటు చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక మిషన్ గురించి భార్యను నిజంగా అడిగాడు.

"దీన్నెట్ల బందు చేసుడు?"

"కరెంటు తీస్తె బందయితది. చొక్కాలు సబ్బులనే నానుతయి. మళ్ల వేస్తె మొదటికెల్లి అడుగుతది" అంది. అని, గేటు తీసుకుని వీధిలోకి దిగింది.

స్టేషన్ వైపు నడుస్తుంటే మలుపు దాకా ఆ పిలుపు వినిపిస్తూనే ఉంది, బాపు ఇంకా ఇంటికి రానట్టు, తలుపు ఎవరూ తీయనట్టు. గుండె పీకుతూనే ఉంది, కాళ్లు నడుస్తూనే ఉన్నాయి. ఆయన బకెట్ ముంచుతాడో, కొమురవ్వను వెతికించి జీతం ఇచ్చి పిలిపిస్తాడో, మిషన్‌ను ఎత్తి వాకిట్లో పడేస్తాడో ఆమెకు తెలియదు. తెలిసింది ఒక్కటే. నీళ్లు వచ్చేదాకా పిలుస్తూ ఉండమని రాసింది తను. పిలిచినా ఎవరూ పొయ్యకపోతే ఏం చెయ్యాలో, అందులో ఒక్క మాట కూడా రాయలేదు.